కర్ర దాకా నీళ్లు: కోరంగి నుంచి పాలకాయతిప్ప వరకు



ఇంటికి వచ్చి నాలుగు రోజులైనా చెప్పుల అంచుల్లో ఎండిన బురద ఇంకా రాలుతూనే ఉంది కనుక, అది పూర్తిగా ఊడిపోకముందే ఈ ప్రయాణాన్ని రాసి పెట్టుకోవాలనిపించింది. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట్ల మడ అడవులను తిరిగి నిలబెట్టడానికి స్వచ్ఛంద సంస్థలు, మత్స్యకారుల ఊళ్లు, అటవీ శాఖ కలిసి పాతికేళ్లకు పైగా చేస్తున్న పనిని దగ్గరగా చూడాలన్నది నా కోరిక. మొక్కలు నాటడం చూస్తాననుకొని వెళ్లాను. చూసింది చాలావరకు మట్టి తవ్వడం.

కాకినాడ, ఫిబ్రవరి 19

నా పాత సహోద్యోగి ఒకాయన ఇప్పుడు కాకినాడలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నారు. బస్సు దిగగానే ఆయన నన్ను తిన్నగా ఉప్పాడకు తీసుకువెళ్లారు. అడవి చూసే ముందు, అడ్డు లేని తీరం ఎలా ఉంటుందో చూడమని ఆయన ఉద్దేశం. తుఫాను వచ్చినప్పుడల్లా తెగిపోయే బీచ్ రోడ్డు, దానికి కాపుగా పోసిన నల్లరాళ్లు, ఆ రాళ్ల అవతల సగం గోడ మాత్రమే మిగిలిన ఇళ్లు కనిపించాయి. ఒక గోడకు అలమర గూడు ఇంకా ఉంది. అందులో ఎవరో దీపపు కుందె వదిలేశారు. చేపలు ఎండబెడుతున్న ఒక మామ్మగారిని పలకరిస్తే, సముద్రం వైపు చెయ్యి చాపి, "మా అత్తారిల్లు అదిగో, ఆ పడవ ఉందే, అక్కడండి" అన్నారు. ఆ పడవ ఒడ్డుకు చాలా దూరంలో లంగరు వేసి ఉంది. రాళ్లు రోడ్డును కొంతకాలం కాపాడవచ్చు గానీ, వాటి ముందు ఇసుక మిగలదు. ఇసుక లేని చోట తాబేలు గుడ్లు పెట్టదు, నాటు పడవ ఎక్కదు. ఈ మాట నా మిత్రుడు చెప్పినప్పుడు నాకు అంతగా పట్టలేదు. ఆరో రోజు రాత్రి పాలకాయతిప్పలో గుర్తుకొచ్చింది.

తిరుగుదారిలో దుమ్ములపేట మీదుగా వచ్చాము. ఇళ్ల స్థలాల కోసం అక్కడి మడను పూడ్చారన్న వివాదం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లిన సంగతి పత్రికల్లో చదివినదే. ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న ఆ నేలను చూస్తే, నేలకు ధర పెరిగిన చోట చెట్టును కాపాడటం ఎంత కష్టమో తెలుస్తుంది. రాత్రి కాకినాడ కాజాలు పావు కిలో కొన్నాము. కొరకగానే పాకం మోచేతి దాకా కారింది.

కోరంగి, ఫిబ్రవరి 20

ఈ రోజు మిత్రునికి వేరే పని ఉండటంతో ఒంటరిగా బయలుదేరి, ఆటో అబ్బాయితో "మడ మొక్కల నర్సరీకి పోనివ్వు బాబూ" అన్నాను. అతను నమ్మకంగా తలూపి, నలభై నిమిషాలు తిప్పి, గులాబీలూ మందారాలూ వరుసగా పేర్చిన ఒక తోట ముందు దింపాడు. గోదావరి జిల్లాల్లో నర్సరీ అంటే పూలమొక్కలే కదా, తప్పు నాదే. తోటాయన నా మాట ఓపికగా విని, "మడ మొక్కలు ఎవరూ కొనరండి, ఉప్పునీళ్లు మేమెక్కడ తెస్తాం" అని నవ్వి, ఊరికే పంపడం ఇష్టం లేక ఒక కరివేపాకు మొక్క చేతిలో పెట్టారు. డబ్బు తీసుకోలేదు. ఆటోకు 350 రూపాయలు అయింది. ఆ కరివేపాకు మొక్క మిగిలిన ప్రయాణమంతా నాతోనే తిరిగింది.

కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. సందర్శకుల కోసం వేసిన చెక్క బాట మీద నడుస్తుంటే రెండు వైపులా తెల్లమడ, నల్లమడ, తిల్ల, గుగ్గిలం చెట్లు, వాటి కింద నేలలోంచి మేకుల్లా పైకి లేచిన ఊపిరి వేళ్లు కనిపిస్తాయి. గాలి ఆడని బురదలో వేళ్లకు ప్రాణవాయువు అందేది వాటి గుండానే. తెల్లమడ ఆకును తిరగేసి నాలుకకు ఆనించమని అక్కడి గైడు చెప్పాడు. ఉప్పగా ఉంది, ఎండకు పట్టి చూస్తే ఆకు మీద సన్నని ఉప్పు పలుకులు మెరిశాయి. వేరు పీల్చిన ఉప్పును చెట్టు ఆకుల గుండా చెమటలా బయటకు పంపుతుందన్న మాట పుస్తకంలో చదివినప్పుడు తలకెక్కింది, ఇప్పుడు నాలుకకెక్కింది. నీటిపిల్లి ఈ అడవికి పేరు తెచ్చిన జంతువు. నాకు కనబడలేదు, బురద మీద దాని అడుగులు మాత్రం చూపించారు.

ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు ఇది. 1839 నవంబరులో వచ్చిన తుఫాను, దానితో లేచిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టాయి. బాట చివర నిలబడి చూస్తే ఇక్కడ ఒక పట్టణం ఉండేదని చెప్పడానికి ఏ గుర్తూ లేదు.

సాయంత్రం మిత్రుడు వచ్చి కలిశాక, నేను ఇన్నాళ్లూ తప్పుగా అనుకుంటున్న విషయం ఒకటి తెలిసింది. మడ అడవి పాడైన చోట మొక్కలు నాటితే చాలుననుకునేవాణ్ణి. పాతకాలంలో అడవిని కూపులుగా, అంటే ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను మొత్తంగా నరికిన చోట్ల నేలకు ఎండ నేరుగా తగిలి, తేమ ఆరి, మట్టి కుంగి, నేల పళ్లెంలా గుంటపడుతుంది. పోటుకు లోపలికి వచ్చిన నీరు పాటుకు వెనక్కి పోలేక అక్కడే నిలిచి ఆవిరైపోతే ఉప్పు మిగులుతుంది. ఏటేటా అలా పేరుకొన్న ఉప్పులో మడ విత్తనం కూడా బతకదు. 1988లో ఎం.ఎస్. స్వామినాథన్ చెన్నైలో నెలకొల్పిన పరిశోధనా సంస్థ ఈ కారణాన్ని తమిళనాడులోని పిచ్చావరంలో పట్టుకొని, 1990ల చివరి సంవత్సరాల్లో గోదావరి, కృష్ణ మడలకు కూడా దానికి విరుగుడును తెచ్చింది. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వుతారు. పై నుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది కనుక ఊళ్లలో దాని పేరు కూడా అదే. ఆ కాలువల గుండా రోజుకు రెండుసార్లు పోటు వచ్చి, పాటు తీసి, నేలలోని ఉప్పును కడిగేస్తుంది. మొక్కను గట్టు మీద కాక, కాలువ వాలు మధ్యలో నాటుతారు. పైన నాటితే నీరందదు, అడుగున నాటితే మునిగిపోతుంది.

తాళ్లరేవు మండలంలో ఒక ఊరు, ఫిబ్రవరి 21

ఉదయం పెసరట్టు ఉప్మా తిని, ఒక మత్స్యకారుని నాటు పడవ మాట్లాడుకున్నాము. 1,500 అడిగి 1,200కు ఒప్పుకొన్న ఆయన, దిగేటప్పుడు డీజిల్ పేరుతో ఆ 300 ఎలాగూ తీసుకొన్నారు. ఎక్కే ముందే ఒక మాట చెప్పారు: "నిన్న అష్టమండి. ఈ రెండ్రోజులూ పోటుకి బలం ఉండదు. లోపలికెళ్తే పెందలాడే తిరగాలి." మేము తిరగలేదు. పక్క పాయలో ఒక కొంగల గుంపును చూస్తూ ఆలస్యం చేసి, అది చాలదన్నట్టు మరో పాయలోకి మళ్లాము. ఎక్కడో నీరు తేటగా కనిపిస్తే అదే దగ్గర దారి అని పందెం వేసినవాణ్ణి నేనే. పడవ అడుగు బురదకు తగిలి, ఒకసారి ఊగి, ఆగిపోయింది.

పోటు మళ్లీ రావడానికి రెండున్నర గంటలు పట్టింది. దిగి తోయబోతే మోకాలి దాకా దిగబడిపోయాను. పడవాయన ఏమీ అనకుండా బీడీ వెలిగించుకొని కూర్చున్నారు. ఆ మౌనం తిట్టుకన్నా ఎక్కువ. చేసేది లేక బురదను చూస్తూ ఉండిపోయాను. నీరు తీసిన పది నిమిషాలకు బొరియల్లోంచి వేలి గోరంత ఎర్ర పీతలు బయటకు వచ్చాయి. మగపీతకు ఒక డెక్క మాత్రం ఒంటికి మించిన పెద్దది. దాన్ని పైకీ కిందికీ ఊపుతూ ఎవరినో పిలుస్తున్నట్టు ఉంటుంది. రెండో చిన్న డెక్కతో బురద ముద్దను నోట పెట్టుకొని, తినవలసింది తిని, మిగిలినది చిన్న గోళీగా చుట్టి పక్కన పెడుతుంది. చూస్తుండగా బొరియ చుట్టూ ఆ గోళీలు వందలు పోగయ్యాయి. వాటి మధ్య కళ్లు నెత్తి మీద ఉన్న చేప ఒకటి రెక్కల మీద పాకుతూ, గెంతుతూ తిరిగింది. ఆ బొరియల వల్లే బురదకు గాలి ఆడుతుందని పడవాయన చివరికి నోరు విప్పారు. "పీతల్లేని బురద చచ్చిన బురదండి."

మధ్యాహ్నం రెండు దాటాక ఊరు చేరాము. అక్కడి వన సంరక్షణ సమితి వాళ్లు పాత చేప ముల్లు కాలువ ఒకదానిలో పూడిక తీస్తున్నారు. తొమ్మిది మంది ఉన్నారు, అందులో నలుగురు ఆడవాళ్లు. పారలతో కోసిన మట్టిని తట్టల్లో కాక, రెండు చేతులతో ముద్దలుగా ఎత్తి గట్టు మీదికి విసురుతున్నారు. ఆ జిగురు మట్టి తట్టకు అంటుకొని రాదట. కాలువ తవ్వడానికి ఎప్పుడో నిధులు వచ్చాయి. మూడేళ్లకో నాలుగేళ్లకో ఏటి ఒండ్రు చేరి అది పూడుకుపోతుంది. తీయడానికి మాత్రం ఏ పద్దు కిందా డబ్బు లేదు. నా మిత్రుని సంస్థ ఈసారి ఎలాగో కొన్ని రోజుల కూలి సర్దగలిగింది. "ఎన్ని మొక్కలు నాటారు అని అడుగుతారు, ఎన్ని గజాలు పూడిక తీశారు అని అడిగిన దాత ఇంతవరకు నాకు తగల్లేదు" అని ఆయన అన్నారు. నేను కూడా దారి పొడవునా మొక్కల లెక్కే అడిగానన్న సంగతి ఆయన మర్యాదగా ఎత్తలేదు.

కాలువ చివర, అడవి ఇంకా రాని తెల్లటి ఉప్పు నేల మీద ఒక కర్ర పాతి ఉంది. దానికి ఎర్ర గుడ్డ కట్టారు. నీరు అక్కడిదాకా వస్తే ఆ పైన కలుపు తీయనక్కరలేదు, నీళ్లు పోయనక్కరలేదు, ఏటి మీద కొట్టుకొచ్చిన తెల్లమడ కాయలే పట్టుకొని మొలుస్తాయి. ఆ రోజు పోటు కర్రకు చాలా ముందే ఆగిపోయింది. "అమావాస్యకి చూడాలండి" అన్నారు సమితి పెద్దాయన.

భోజనం వాళ్ల ఇళ్లలోనే. మండపీత ఇగురు, చింతకాయ వేసిన చిన్న రొయ్యలు, వేడి అన్నం. పీత డెక్కను పళ్లతో కొరకబోతే ఇంటావిడ చూడలేక రోకలిబండ తెచ్చి తానే చితకగొట్టి ఇచ్చారు. డబ్బు ఇవ్వబోతే బాధపడ్డారు. పిల్లలకు కాజాల పొట్లం ఇస్తే తీసుకొన్నారు.

నాగాయలంక, ఫిబ్రవరి 22

రోజంతా బస్సుల్లోనే గడిచింది. పులిగడ్డ అక్విడక్టు దాటాక దివిసీమ మొదలవుతుంది. అవనిగడ్డలో టీ తాగుతుండగా పక్క బల్ల మీది పెద్దాయన నా చేతిలోని కరివేపాకు మొక్కను చూసి మాట కలిపారు. మడ అడవుల కోసం వచ్చానంటే కాసేపు మాట్లాడలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు ఆయన వయసు పద్నాలుగు. తాడిచెట్టు పట్టుకొని రాత్రంతా ఉన్నారు. చెట్టు మీది నుంచి తాను చూసినది ఏదీ చెప్పలేదు. గరుకు బెరడుకు ఒరుసుకుపోయిన ముంజేతుల మచ్చలు చూపించి, చొక్కా చేతులు దించుకొన్నారు. ఆ ఉప్పెనలో పోయినవారు పదివేలకు పైమాటే. ఇక్కడ ఎవరిని కదిపినా ఆ తేదీకి ముందు, ఆ తేదీకి తరువాత అని రెండు కాలాలు ఉంటాయి.

సొర్లగొంది, ఫిబ్రవరి 23

కృష్ణా అభయారణ్యం 1989లో ఏర్పడింది. కోరంగి కన్నా చిన్నది, మనుషుల రాకపోకలు తక్కువ. చుట్టూ రొయ్యల చెరువులు అల్లుకొని ఉండటం వల్ల ఏది అడవో ఏది చెరువో తెలియక రెండుసార్లు గట్ల మీద తప్పిపోయాను. ఒక గట్టు చివర కాపలా కుక్క వెంటబడింది. పరుగెత్తవద్దని ఎవరో దూరం నుంచి అరిచారు గానీ అప్పటికే పరుగెత్తాను.

చూడవలసింది మరో రకం చెరువు. చెరువు లోపల వంకరటింకర గట్లు వేసి, వాటి మీద మడ మొక్కలు పెంచి, మిగిలిన నీటిలో పండుగప్పలను, మండపీతలను పెంచే పద్ధతిని స్వామినాథన్ సంస్థ ఈ ప్రాంతంలోనే చేసి చూపించింది. చెరువుకూ ఏటికీ మధ్య తూము ఒక్కటే. పోటు నీటిని తెస్తుంది, పాటు తీసుకుపోతుంది. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. రాలిన ఆకులు కుళ్లి పురుగూ పుట్రకు తిండి అవుతాయి, వాటిని తిని రొయ్యపిల్ల బతుకుతుంది. నాకు చెరువు చూపించిన రైతు మాత్రం దీన్ని పొగడలేదు. వనామీ రొయ్య కలిసొచ్చిన ఏడు వచ్చే డబ్బు దీనిలో రాదని సూటిగా చెప్పారు. "మరి ఎందుకు ఉంచారు?" అంటే, పక్క చెరువుల వైపు చెయ్యి చూపి, "వాటికి జబ్బొస్తే అప్పు మిగులుద్ది. దీనికి జబ్బొచ్చినా చెట్టు మిగులుద్ది" అన్నారు. ఈ సంస్థలు ప్రచురించే రంగుల నివేదికల కన్నా ఆ మాట నాకు ఎక్కువ నచ్చింది. లాభం రాదన్నది దాచకుండా చెప్పినందుకేమో.

ఊరికి ఎగువన మరో చోటికి తీసుకువెళ్లారు. ఏదో కంపెనీ ఉద్యోగులు బస్సుల్లో వచ్చి, ఒకే రంగు చొక్కాలు తొడుక్కొని, ఒక్క పూటలో మడ మొక్కలు నాటి వెళ్లిన స్థలం అది. ఏటి అంచున, పోటుకు పూర్తిగా మునిగే చోట నాటారు. ఇప్పుడు అక్కడ ఊత కర్రలు వరుసలు తప్పకుండా నిలబడి ఉన్నాయి. కర్ర కర్రకూ బియ్యపు గింజంత గుల్లలు గుత్తులుగా పట్టి ఉన్నాయి. మొక్క కాండానికి కూడా అలాగే పట్టి, ఆ బరువుకు వంచేస్తాయట. వందల కర్రల మధ్య బతికిన మొక్కలు వెతికితే పదకొండు దొరికాయి. అందులో మూడింటి కొసలు అడవిలో తిరిగే గేదెలు కొరికేశాయి.

పాలకాయతిప్ప, ఫిబ్రవరి 24, రాత్రి

హంసలదీవి వేణుగోపాలస్వామి దర్శనం చేసుకొని పాలకాయతిప్ప తీరానికి చేరేసరికి పొద్దుగుంకింది. మాఘ పౌర్ణమి స్నానాల జనం వదిలివెళ్లిన ప్లాస్టిక్ గ్లాసులు ఇంకా ఇసుకలో కూరుకొని ఉన్నాయి. ఇక్కడ జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి కాపలా తిరిగే ముగ్గురు యువకులతో నన్ను నడవనిచ్చారు. ఒక్కటే షరతు: టార్చి వేయకూడదు, సెల్‌ఫోను తీయకూడదు. చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు. తొలి గంటలో రెండుసార్లు తాళ్ల పోగులకు తట్టుకొని పడ్డాను.

రెండు గంటల ప్రాంతంలో ముందు నడిచే అబ్బాయి ఆగాడు. ఇసుక మీద సన్న ట్రాక్టరు చక్రం నీటిలోంచి పైకి వెళ్లి తిరిగి నీటిలోకి దిగినట్టు జాడ ఉంది. తాబేలు అప్పటికే వెళ్లిపోయింది. గుడ్లు ఎక్కడ పెట్టిందో అతను సన్నని పుల్లతో గుచ్చి చూసి, ఇసుక మెత్తగా దిగిన చోట చేత్తో తోడసాగాడు. గుంట కూజాలా ఉంటుంది, మెడ సన్నం, లోపల వెడల్పు. గుడ్లు పింగ్‌పాంగ్ బంతులంత ఉన్నాయి, పెంకు గట్టిగా కాక తోలులా వేలికి నొక్కుకుంటుంది. ఏ వైపు పైకి ఉన్న గుడ్డును ఆ వైపే పైకి ఉంచి, దొర్లనివ్వకుండా బుట్టలో పెట్టాలి. కొన్ని గంటలు దాటితే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, అప్పుడు తిప్పితే చచ్చిపోతుంది. నాతో లెక్క పెట్టించారు. 114.

పైన కంచె కట్టిన ఇసుక దడిలో అదే లోతున, అదే ఆకారంలో గుంట తీసి వాటిని పాతిపెట్టారు. అక్కడైతే నక్కలకూ కుక్కలకూ అందవు. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. అందుకే దడి మీద కొంత భాగానికి తాటాకు నీడ వేస్తారు. "అసలు గుడ్లు తియ్యకుండా ఉన్నచోటే ఉంచడం మంచిదండి. అలా ఉంచాలంటే ప్రతి గుంట దగ్గరా ఒక మనిషి పడుకోవాలి" అన్నాడు వారిలో పెద్దవాడు. ఈ పనికి వాళ్లకు ఏటా మూడు నాలుగు నెలలే జీతం. తక్కిన నెలల్లో పీతలు పడతారు.

తెల్లవారాక అదే ఒడ్డున ఒక పెద్ద తాబేలు చచ్చి పడి ఉండటం చూశాము. డిప్ప మీద దెబ్బ లేదు. బోట్లు ఈడ్చుకుపోయే ట్రాలు వలలో చిక్కుకొని, ఊపిరికి పైకి రాలేక మునిగిపోయినవి ఇలాగే కొట్టుకొస్తాయట. వలలోంచి తాబేలు తప్పుకుపోయే చట్రం ఒకటి ఉంది గానీ, దాంట్లోంచి కొంత చేప కూడా పోతుందని బోటు యజమానులు ఇష్టపడరు. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 వరకు ఉంటుంది. అది చేపల సంతతి కోసం పెట్టినది. తాబేళ్లు తీరానికి వచ్చే కాలం అప్పటికే అయిపోతుంది. ఒడిశాలో గుడ్లు పెట్టే తీరాల ముందు నవంబరు నుంచి మే చివరి దాకా వేట ఆపుతారు. మన వైపు కనీసం ఈ రెండు నదుల మొగల దగ్గరైనా జనవరి నుంచి మార్చి దాకా ఆ మూడు నెలలు ట్రాలర్లను దూరంగా నిలపవచ్చుననీ, ఆ మేరకు బోటు కూలీలకు పరిహారం ఇవ్వవలసి ఉంటుందనీ నా అభిప్రాయం. యువకులు ఆ తాబేలు కొలతలు పుస్తకంలో రాసుకొని, గోయి తీసి పూడ్చారు. గోయి తీస్తున్నవాడు మొదట చోటు మార్చాడు. పక్కనే పాత గుడ్ల గుంట ఉందట.

ఇల్లు, మార్చి 1

శివరాత్రికి ముందు రోజే ఇంటికి చేరాను. కరివేపాకు మొక్క ఉప్పు గాలికి ఆకులన్నీ రాల్చేసి, కింద ఒక చిగురు మాత్రం పెట్టింది. ఈ ఉదయం కాకినాడ మిత్రుడు ఫోను చేశారు. అమావాస్య పోటుకు కాలువలో నీళ్లు బాగా ఎక్కాయట. కర్రకు ఇంకా రెండు మూరల దూరంలో ఆగిపోయాయి. మధ్యలో ఒకచోట గట్టుకు పీతలు బొరియలు పెట్టడంతో నీరు పక్కకు పోతోందని, ఆదివారం మళ్లీ పారలు పట్టుకొని వెళ్తున్నామని చెప్పారు.